“మీరు ఏమేం చూసుకుంటారండీ?” – చెరువు గట్టు మీద నా స్పానిష్

స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టిన ఎవరికైనా తొందరలోనే ఉద్యోగాల పాఠం వస్తుంది. డాక్టర్ ‘మెదికో’, టీచర్ ‘ప్రొఫెసోర్’, లాయర్ ‘అబొగాదో’. నువ్వు ఎవరు అంటే నేను ఫలానా అని చెప్పడంతో ఆ పాఠం అయిపోతుంది. ఎదుటి మనిషి ఉద్యోగం పేరు తెలుస్తుంది. కానీ ఆ మనిషి పొద్దున్న లేచింది మొదలు ఏం చేస్తాడు, దేనికి జవాబు చెప్పుకోవాలి, ఏది అతని చేతిలో ఉంది, ఏది లేదు అన్నది తెలియదు. నాకు కావలసింది అదే. ఒక మనిషి పని గురించి స్పానిష్‌లో మర్యాదగా, వివరంగా ఎలా అడగాలో నేను నేర్చుకున్న తీరు ఇక్కడ రాస్తున్నాను. మన ప్రాంతంలో ఈ భాష నేర్చుకునేవాళ్ళు తక్కువ. రొయ్యల పనిలో ఉండి నేర్చుకునేవాళ్ళు ఇంకా తక్కువ. ఒక్కరికి పనికొచ్చినా చాలు.

నేను భీమవరంలో ఒక ఆక్వా ల్యాబులో పనిచేస్తాను. రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు, కవర్లలో రొయ్యలు తెస్తారు. పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, కాల్షియం, మెగ్నీషియం చూస్తాం. రొయ్యకి జబ్బు తెచ్చే విబ్రియో అనే బాక్టీరియా ఉందేమో చూడటానికి ప్లేట్లు వేస్తాం. రిపోర్టు చేతికిచ్చి, అర్థం కాకపోతే కూర్చోబెట్టి చెప్తాం. మా నాన్నకి ఆకివీడు దగ్గర కౌలు చెరువులు ఉన్నాయి కాబట్టి, టేబుల్‌కి ఆ వైపు కూర్చున్నవాళ్ళ టెన్షన్ నాకు బాగా తెలుసు.

స్పానిష్ ఎందుకంటే ఈక్వెడార్ వల్ల. మన చెరువుల్లో పెరిగే వనామీ పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. మెక్సికో నుంచి పెరూ ఉత్తరం దాకా సముద్రంలో సహజంగా ఉండే రొయ్య అది. మన దేశంలో 2009లో దాని పెంపకానికి అనుమతి వచ్చింది. ఈక్వెడార్ వాళ్ళు దాన్ని అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే పెంచుతున్నారు. 2022లో ఆ చిన్న దేశం ఎగుమతి చేసిన రొయ్య పది లక్షల టన్నులు దాటింది. అక్కడ పంట బాగా దిగితే ఆ ప్రభావం భీమవరంలో వంద కౌంటు, అంటే కిలోకి వంద తూగే రొయ్య, ధర మీద కనిపిస్తుంది. మన రైతు ప్రతిరోజూ పోటీ పడేది వాళ్ళతో. అయినా వాళ్ళు చెరువు దగ్గర ఏం చేస్తారో ఇక్కడ చాలామందికి తెలియదు. వీడియోలు ఉన్నాయి, కానీ అన్నీ స్పానిష్‌లో. అవి అర్థం చేసుకోవాలన్న పట్టుదలతో మొదలుపెట్టాను.

హైదరాబాద్‌లో ఇఫ్లూలో, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో, స్పానిష్ చదువుకున్న ఒక మేడమ్ ఆన్‌లైన్‌లో చెప్పేవారు. ల్యాబ్ మూశాక క్లాసు. ఉచ్చారణ విషయంలో తెలుగువాళ్ళం అదృష్టవంతులం. స్పానిష్‌లో ‘టి’, ‘డి’ అని రాసేవి ఇంగ్లీషులోలా పలకవు. అవి మన త, ద లకు చాలా దగ్గర. ‘ర’ మనం నాలుక ఆడించి పలికేదే. అచ్చులు ఐదు, ఎక్కడ రాసినా ఒకేలా పలుకుతాయి. ‘హెచ్’ అక్షరం రాస్తారు గాని పలకరు. ‘జె’ ఉన్నచోట గొంతులోంచి ‘హ’ అనాలి. అందుకే పనికి వాళ్ళ మాట ‘త్రబాహో’. పాఠాలన్నీ నేను తెలుగు లిపిలోనే రాసుకున్నాను. ఇంగ్లీషు ఉచ్చారణ మధ్యలోకి రాకుండా ఉండాలంటే ఇదే మంచి పద్ధతి అని ఇప్పటికీ అంటాను.

ఉద్యోగాల పాఠం దగ్గరికి వచ్చేసరికి ఆగాను. ఆ సమయంలోనే ఈక్వెడార్ నుంచి ఒకాయన మన వైపు చెరువులు చూడటానికి వస్తున్నారని, ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రమని, నేను తోడు ఉండాలని మా ల్యాబ్ వాళ్ళకి ఒక మేత కంపెనీ నుంచి కబురు వచ్చింది. ఆయన అక్కడ చెరువుల మీద పనిచేసే మనిషి. ఆయన పని ఏమిటో సరిగ్గా తెలిస్తేనే ఏం అడగవచ్చో, ఏది ఆయన్ని అడిగి లాభం లేదో తెలుస్తుంది. మేతకి సంబంధించిన మనిషిని సీడ్, అంటే చెరువులో వేసే రొయ్య పిల్లల, సంగతి అడిగితే ఆయనకీ ఇబ్బంది, మనకీ సమయం వృథా. మేడమ్‌కి చెప్పాను. ఆవిడ పుస్తకం పక్కన పెట్టి, పని గురించి అడిగే ప్రశ్నలన్నీ ఒక వరుసలో పెట్టించారు.

అన్నిటికంటే తేలికైనది ‘కె ఆసె ఉస్తెద్?’, అంటే మీరు ఏం చేస్తారు. దీన్ని ఎవరినైనా అడగొచ్చు, కానీ ఎక్కువగా ఉద్యోగం పేరే జవాబుగా వస్తుంది. ‘ఆ కె సె దెదికా?’ కూడా అలాంటిదే. కొత్తగా పరిచయమైనవాళ్ళని మీరు ఏ రంగంలో ఉన్నారని అడిగినట్టు ఉంటుంది. హోదా కావాలంటే ‘క్వాల్ ఎస్ సు కార్గో?’ అనాలి. ఇవన్నీ గడప దగ్గరి ప్రశ్నలు.

లోపలికి తీసుకెళ్ళే ప్రశ్న ‘దె కె సె ఎన్కార్గా ఉస్తెద్?’. మీరు ఏమేం చూసుకుంటారు అని. మనం కూడా “పెళ్ళిలో భోజనాలు మావయ్య చూసుకుంటాడు, బస్సులు బాబాయ్ చూసుకుంటాడు” అంటాం కదా, సరిగ్గా ఆ చూసుకోవడమే. దీనికి జవాబు ‘మె ఎన్కార్గో దె’ అని మొదలవుతుంది. ఫలానాది నేను చూసుకుంటాను. దాని పక్కన ఇంకొకటి ఉంది: ‘సోయ్ రెస్పొన్సాబ్లె దె’. ఫలానాదానికి బాధ్యత నాది, చెడితే జవాబు చెప్పాల్సింది నేనే అని. చూసుకునేవాళ్ళు, జవాబు చెప్పేవాళ్ళు చాలా చోట్ల వేరువేరు మనుషులు. చెరువుల్లో అయితే దాదాపు ఎప్పుడూ వేరే. అందుకని రెండూ విడివిడిగా అడగాలని నిర్ణయించుకున్నాను.

‘క్వాలెస్ సోన్ సుస్ రెస్పొన్సబిలిదాదెస్?’ అనే వాక్యం కూడా ఉంది. మీ బాధ్యతలేమిటి అని. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ అది ఇంటర్వ్యూ గదిలో వినిపించే ప్రశ్న. గట్టు మీద ఎండలో నిలబడ్డ మనిషిని అలా అడిగితే ఆయన నిటారుగా నిలబడి రెండు పెద్ద మాటలు చెప్పి ఊరుకుంటాడు. దానికంటే ‘కె తియెనె కె ఆసెర్ కాదా దీయా?’, రోజూ ఏమేం చెయ్యాలి మీరు, అంటే మాట సాగుతుంది. ‘కోమో ఎస్ ఉన్ దీయా నోర్మాల్ ఎన్ సు త్రబాహో?’, మీ పనిలో మామూలు రోజు ఎలా గడుస్తుంది, అంటే ఇంకా బాగా సాగుతుంది. చివరగా ‘కియెన్ దెసీదె?’. ఎవరు నిర్ణయిస్తారు. ఈ రెండు మాటల ప్రశ్న నాకు తర్వాత అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది.

ఇక్కడ ‘ఉస్తెద్’ అంటే మీరు. నువ్వు అనడానికి ‘తూ’ ఉంది. స్పెయిన్‌లో కొత్తవాళ్ళతో కూడా త్వరగా ‘తూ’లోకి దిగిపోతారట. ఈక్వెడార్ మనిషితో, అదీ వయసులో పెద్దాయనతో, మొదట ‘ఉస్తెద్’ అనే మొదలుపెట్టమని మేడమ్ గట్టిగా చెప్పారు. గోదావరి జిల్లాల్లో పుట్టిన మనిషికి ఇది విడిగా చెప్పక్కర్లేదు. ఇక్కడ చిన్నపిల్లాడితో కూడా అండీ అని మాట్లాడతాం.

ప్రశ్నలు నోటికి వచ్చాయి. జవాబులు అర్థమవుతాయా అన్న భయం మాత్రం పోలేదు. పుస్తకంలో ఆఫీసు మనుషులు ఫైళ్ళ గురించి చెప్పే జవాబులే ఉన్నాయి. అందుకని మన చెరువు మీద మనుషుల్ని ఇవే ప్రశ్నలు తెలుగులో అడిగి, వాళ్ళు చెప్పినదాన్ని స్పానిష్‌లోకి మార్చుకుందామనుకున్నాను. అలా చేస్తే చెరువు పనికి కావలసిన క్రియలన్నీ ముందే నా దగ్గర ఉంటాయి.

మా చెరువుల మీద ఒక బాబాయ్, పిన్ని ఉంటారు. బంధువులు కాదు, పదేళ్ళు దాటింది కాబట్టి పిలుపు అలా స్థిరపడింది. గట్టు మీద రేకుల షెడ్డులోనే కాపురం. “బాబాయ్, నీ పనేంటి?” అని అడిగాను.

“ఏవుందమ్మా, చెరువు మీద ఉంటాను,” అన్నాడు.

“ఏమేం చూసుకుంటావు?”

“అన్నీనమ్మా.”

అంతే. ఆ జవాబుతో స్పానిష్‌లో ఒక వాక్యం కూడా తయారుకాదు. అప్పుడు ప్రశ్న మార్చి, “నిన్న రాత్రి అన్నం తిన్నాక ఏం చేశావు, వరసగా చెప్పు,” అన్నాను. అప్పుడు మొదలైంది. నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు అన్నీ తిరుగుతున్నాయా అని టార్చి వేసి చూశాడు. ఒకదానికి నాచు చుట్టుకుంటే నీళ్ళలోకి దిగి తీశాడు. జనరేటర్‌లో డీజిల్ ఎంతుందో చూసుకున్నాడు. కరెంటు పోయిన వెంటనే జనరేటర్ వెయ్యాలి, ఆలస్యమైతే రొయ్య తేలిపోతుంది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ గట్టు చుట్టూ ఒకసారి తిరిగి, అంచుల్లోకి రొయ్య వచ్చిందా చూశాడు. తెల్లారాక మేత. మేత వేశాక, రొయ్య ఎంత తిన్నదో చూడటానికి నీళ్ళలో ఉంచే చెక్ ట్రేలు లేపి, మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, గుల్ల మెత్తగా ఉందా అని చూశాడు. తూము దగ్గర జల్లెడ కడిగాడు. కొంగల్ని, నీటికాకుల్ని తోలాడు. అమావాస్య దగ్గరపడింది, గుల్ల విడుస్తాయి, మేత తగ్గించాలి అని నాన్నకి ఫోన్ చేశాడు.

నేను రాసుకుంటూ పోయాను. ల్యాబులో నా టేబుల్ మీదికి వచ్చే ప్రతి నీళ్ళ సీసా వెనక ఇంత పని ఉందని నాకు విడివిడిగా తెలుసు. ఒకే మనిషి ఒకే రాత్రి చేసిన పనిగా వరసగా ఎప్పుడూ వినలేదు. వింటుంటే గొంతు పట్టేసింది.

పిన్నిని అడిగితే “నేను చేసేదేముంది, అంతా ఆయనే,” అంది. నిన్న రాత్రి సంగతే అడిగాను. “ఆయన పడుకుంటే నేను మోటార్ల చప్పుడు వింటూ పడుకుంటాను. చప్పుడు మారితే మెలకువ వచ్చేస్తుంది. లేపుతాను,” అంది. ట్రేలు కడగడం, మేత సంచులు దులిపి ఆరబెట్టడం, ఎన్ని సంచులు వాడారో గోడ మీద గీతలు పెట్టడం కూడా ఆవిడే. జీతం ఇద్దరికీ కలిపి బాబాయ్ పేరు మీద ఇస్తారు. ఆ రాత్రి మేడమ్‌తో కూర్చుని, ‘ఎయా ఎస్కూచా లోస్ ఐరెయాదోరెస్ దె నోచె’ అని రాసుకున్నాను. ఆవిడ రాత్రిళ్ళు ఏరేటర్ల చప్పుడు వింటూ ఉంటుంది. ఉద్యోగాల పాఠంలో ఇలాంటి పని లేదు, దానికి పేరూ లేదు. కానీ ఒక పంట మొత్తం ఆ చెవుల మీద ఆధారపడి ఉంటుంది.

పని గురించి అడగదలచుకున్నవాళ్ళకి ఏ భాషలోనైనా నేను చెప్పేది ఇదే: నిన్నటి సంగతి అడగండి. మన వాళ్ళు వినయం కొద్దీ “ఏముందండీ” అంటారు, ఇంకో చోట వాళ్ళు హోదా పేరు చెప్పి ఆగిపోతారు. నిన్న ఏం చేశారు అంటే మాత్రం ఎవరైనా చెప్పగలరు. స్పానిష్‌లో ‘కె ఈసో ఆయెర్?’. అందుకోసం భూతకాలపు క్రియలు ముందుగానే నేర్చుకున్నాను. క్లాసు పుస్తకంలో అవి ఇంకా చాలా పాఠాల తర్వాత గాని రావు.

ఆయన వచ్చే ముందు వీడియో కాల్‌లో మాట్లాడే ఏర్పాటు చేశారు. మనకీ ఈక్వెడార్‌కీ పదిన్నర గంటల తేడా. ఇక్కడ సాయంత్రం ఏడైతే అక్కడ పొద్దున్న ఎనిమిదిన్నర. ఆయనది ఎల్ ఓరో అనే రాష్ట్రం, మచాలా దగ్గర. 1960ల చివర్లో ఆ దేశంలో రొయ్యల చెరువులు మొదలైంది ఆ రాష్ట్రంలోనే. తీరప్రాంతం వాళ్ళు మాట మధ్యలో ‘స’ని గాలిగా వదిలేస్తారు. ‘ఉస్తెద్’ నా చెవికి ‘ఉహ్తె’ అన్నట్టు వినిపించింది. మొదట కాసేపు ఏమీ అందలేదు. ‘మాస్ దెస్పాసియో, పొర్ ఫవోర్’, కొంచెం నెమ్మదిగా అని అడిగాను. ఆయన నవ్వి, అప్పటి నుంచి ఒక్కో మాటా విడదీసి చెప్పారు. ఆ ఓపికకి నేను ఎంతో రుణపడి ఉన్నాను.

నన్ను ఆయన ‘ఇన్హెనియేరా’ అని పిలిచారు. ఇంజనీరమ్మా అన్నమాట. అక్కడ చదువుకున్న మనిషిని చదువు పేరుతోనే గౌరవంగా పిలుస్తారు, మనం మాస్టారు, డాక్టరు గారు అన్నట్టు. ఆయన్ని చెరువు దగ్గర అందరూ ‘బియోలొగో’, అంటే జీవశాస్త్రవేత్త, అంటారట. నేనూ అలాగే పిలిచాను.

నా పని ఏమిటని ఆయన అడిగారు. నేర్చుకున్న వాక్యమే చెప్పాను: ‘త్రబాహో ఎన్ ఉన్ లబొరతోరియో’. ల్యాబులో పనిచేస్తాను. వెంటనే ఆయన, నెలకి ఎన్ని మిలియన్ల పిల్లలు తీస్తారు అన్నారు. ఈక్వెడార్ రొయ్యల మనుషులకి ‘లబొరతోరియో’ అంటే ముందు గుర్తొచ్చేది హేచరీ, రొయ్య పిల్లల్ని పుట్టించే చోటు. సీడ్‌ని వాళ్ళు ‘లార్వా’ అంటారు. ఆయన నన్ను హేచరీ మనిషిననుకున్నారు. అప్పుడు నేను ఏ పేరూ లేకుండా పని చెప్పాను: నీళ్ళు పరీక్ష చేస్తాను, బాక్టీరియా చూస్తాను, రైతులకి ఫలితం వివరిస్తాను. ‘ఆ, క్లారో!’ అన్నారు. ఆ తర్వాత ఆయన సూటిగా నీళ్ళ మాటలే మాట్లాడారు. వాళ్ళ మాటలు వేరుగా ఉన్నాయని నాకు ఆ కాల్‌లోనే తెలిసింది. చెరువుని ‘పిసీనా’ అంటారు. అదే మాట మిగతా చోట్ల ఈతకొలను. మేతని ‘బలాన్సెయాదో’, ప్రాసెసింగ్ ప్లాంటుని ‘ఎంపకాదోరా’, మొత్తం చెరువుల క్షేత్రాన్ని ‘కమరొనేరా’ అంటారు. ఇవి రాసుకోకపోతే గట్టు మీద నేను ఒక్క మాట కూడా తెలుగు చెయ్యలేకపోయేదాన్ని.

ఆయన వచ్చిన రోజు మా చెరువుల దగ్గరికి చుట్టుపక్కల రైతులు కూడా వచ్చారు. కొబ్బరి బొండాలు, కుర్చీలు, పెద్ద హడావిడి. ముందు నేనే అడిగాను: ‘బియోలొగో, దె కె సె ఎన్కార్గా ఉస్తెద్?’

ఆయన చాలా పద్ధతిగా చెప్పారు. వారం వారం ‘ముఎస్త్రెయో’ చేస్తారు. అంటే విసురువల వేసి రొయ్యల్ని పట్టి, తూకం వేసి, ఎంత పెరిగాయో చూడటం. ఎంత శాతం బతికి ఉన్నాయో అంచనా కడతారు. దాన్ని బట్టి మేత పట్టిక తయారుచేస్తారు. పై వాళ్ళకి రిపోర్టు పంపుతారు. అంతవరకే ఆయన చేతిలో ఉంది. మేత తన చేత్తో వెయ్యరు. ఆక్సిజన్ తనే కొలవరు. సీడ్ ఏ హేచరీదో ఆయన ఎంచుకోరు. పక్కనున్న రైతులు వెంటనే సీడ్ గురించి అడగబోతే, అది ఆయన పని కాదండీ అని నేనే చెప్పగలిగాను. ఆ ఒక్క ప్రశ్న ముందు వెయ్యడం వల్ల తర్వాత గంటసేపు మాటలన్నీ మేత దగ్గర, సాంపిలింగ్ దగ్గర నిలిచాయి. ఆయనకి నిజంగా తెలిసిన విషయాలు రైతులకి అందాయి.

తర్వాత నాన్న, “రాత్రి చెరువు దగ్గర ఎవరుంటారో అడుగు,” అన్నారు. ‘కియెన్ క్వీదా లా పిసీనా దె నోచె?’ అని అడిగాను. ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చారు. కాపలాకి ‘గ్వార్దియాన్’ ఉంటాడు. దొంగల బెడద ఉన్న చోట్ల పడవల మీద ఆయుధాలతో తిరుగుతారు. నీళ్ళలో ఆక్సిజన్, ఉష్ణోగ్రత కొలిచే మనిషి ‘పరమెత్రీస్తా’. రాత్రీ తెల్లవారుజామూ మీటరు పట్టుకుని చెరువు చెరువుకీ తిరగడమే అతని ఉద్యోగం. నీళ్ళ పంపులు నడిపే మనిషి ‘బొంబేరో’. మేత వేసేవాడు ‘అలిమెంతదోర్’. అందరి మీదా ‘హెఫె దె కాంపో’, అంటే క్షేత్రం పెద్ద. అక్కడ ఒక్కో చెరువు ఐదు, పది హెక్టార్లు ఉండటం మామూలు. పది హెక్టార్లంటే మన లెక్కలో పాతిక ఎకరాలు. రొయ్యని పలచగా వేస్తారు. క్షేత్రం పెద్దది కాబట్టి పనులు పంచుకోవడానికి వీలుంటుంది. మన దగ్గర రెండెకరాలు, మూడెకరాల చెరువులు. రొయ్యని చిక్కగా వేస్తాం, ఏరేటర్ ఆగితే గంటల్లో నష్టం.

చెప్పడం అయ్యాక ఆయన మమ్మల్ని అడిగారు: ఇక్కడ పరమెత్రీస్తా ఎవరు?

అందరూ బాబాయ్‌ని చూపించారు.

అలిమెంతదోర్? బాబాయే. గ్వార్దియాన్? బాబాయ్. బొంబేరో? మోటారు వేసేదీ ఆయనే. నలుగురైదుగురు నవ్వారు గాని బియోలొగో నవ్వలేదు. కుర్చీ బాబాయ్ వైపు తిప్పుకుని, నా వైపు చూడకుండా బాబాయ్‌నే అడిగారు: ‘ఈ ఉస్తెద్, క్వాందో దువెర్మె?’

మరి మీరు ఎప్పుడు పడుకుంటారు?

తెలుగులో చెప్పాను. బాబాయ్ కాస్త తడబడి, “పగలండీ, మేతకీ మేతకీ మధ్యలో. రాత్రి ఓ జామున ఆవిడ వింటాదండీ,” అని షెడ్డు వైపు చూపించాడు. నేను దాచుకున్న వాక్యం అప్పుడు చెప్పాను, ఆవిడ రాత్రిళ్ళు ఏరేటర్లు వింటుంది అని. బియోలొగో లేచి షెడ్డు దగ్గరికి వెళ్ళి పిన్నికి నమస్కారం పెట్టారు. రోజూ ఆ గట్టు మీద తిరిగే మాకెవరికీ ఎప్పుడూ రాని ఆలోచన అది. పిన్ని కంగారుపడి లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చింది.

అక్కడి నుంచి మాటలు తేలికపడ్డాయి. ‘కియెన్ దెసీదె?’ అన్న ప్రశ్న ఇద్దరి వైపు నుంచీ చాలాసార్లు వచ్చింది. మేత ఎంత వెయ్యాలో ఎవరు నిర్ణయిస్తారు? అక్కడ పట్టిక, ఇక్కడ చెక్ ట్రే చూసి బాబాయ్, ఆ పైన నాన్న. పట్టుబడి, అంటే రొయ్యని పట్టి అమ్మడం, ఎప్పుడో ఎవరు నిర్ణయిస్తారు? అక్కడ కంపెనీ, ప్లాంటు కలిసి. ‘అగ్వాహె’ అని వాళ్ళకో మాట ఉంది. అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రం పోటు పెద్దగా వచ్చే రోజులు. పనుల క్యాలెండరంతా దాన్ని చూసుకునే వేస్తారట. బాబాయ్ ఆ మాట వినగానే తల ఊపాడు. పంచాంగం చూసే అలవాటు సముద్రానికి అవతల కూడా ఉందని ఆయనకి చాలా తృప్తి కలిగింది.

ఇక్కడ పట్టుబడి ఎవరు నిర్ణయిస్తారన్నదానికి మాత్రం నాన్న వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపటికి, “జబ్బు వస్తే జబ్బు, రేటు పడితే రేటు. నేను కాదు,” అన్నారు. మాట మార్చకుండా అలాగే స్పానిష్‌లో చెప్పాను. ఆయన ‘మాంచా బ్లాంకా’ అన్నారు, తెల్లమచ్చ. 1999లో ఆ జబ్బు ఈక్వెడార్ చెరువుల్ని ఊడ్చేసింది. మన దగ్గర టైగర్ రొయ్యని అంతకు ముందే, 1990ల మధ్యలో తినేసింది. ఆ రోజుల్లో మీరేం చేశారని ఒకరినొకరు అడిగారు. నాన్న మళ్ళీ వరిలోకి వెళ్ళిన సంగతి చెప్పారు. బియోలొగో కొన్నాళ్ళు అరటితోటల్లో పనిచేశారట. పని గురించి మొదలైన ప్రశ్నలు ఎక్కడిదాకా వెళ్తాయో ముందు చెప్పలేం. అందుకే తొందరపడకూడదు. ఆ పూట నేను తర్వాతి చెరువు చూసే కార్యక్రమం మానిపించాను, అది మంచి పనే అనుకుంటున్నాను.

ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. మీరు అడిగిన ప్రతి ప్రశ్నకీ ‘ఈ ఉస్తెద్?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. మరి మీరు? కాబట్టి మీ పని గురించి అరడజను వాక్యాలు ముందే సిద్ధం చేసుకోండి. హోదా పేర్లు వదిలేసి క్రియలతో చెప్పండి: కొలుస్తాను, రాస్తాను, ఫోన్ చేస్తాను, నిర్ణయించేది నేను కాదు. ఫలానాది చూసుకునే మనిషిని అని చెప్పేటప్పుడు ఆడవాళ్ళయితే ‘ఎన్కార్గాదా’, మగవాళ్ళయితే ‘ఎన్కార్గాదో’ అన్నది మరిచిపోకండి. ఉద్యోగం పేరు చెప్పేటప్పుడు ‘సోయ్ బియోలొగా’ అంటే చాలు, మధ్యలో ‘ఒక’ అనే మాట అక్కర్లేదు. మన తెలుగులోలాగే. ఇంగ్లీషు మీదుగా వెళ్ళేవాళ్ళకే అక్కడ అనవసరమైన మాట అడ్డం వస్తుంది.

ఆయన వెళ్ళాక కూడా వాయిస్ మెసేజ్‌లు పంపుతున్నారు, నేనూ పంపుతున్నాను. ఈమధ్య పిన్ని ల్యాబుకి వచ్చినప్పుడు, “అక్కడ ఆడవాళ్ళు ఏం చేస్తారో అడుగమ్మా,” అంది. అడిగాను. ప్లాంట్లలో తల తీయడం, గ్రేడింగ్ చేసేది చాలావరకు ఆడవాళ్ళేనని, హేచరీల్లో, ల్యాబుల్లో కూడా ఉన్నారని, తనతో పనిచేసే బియోలొగాలు ఉన్నారని చెప్పారు. పిన్ని అది విని, “రాత్రి మెలకువగా ఉన్నదానికి డబ్బులు వేరేగా ఇస్తారా?” అంది. అదీ అడిగాను. ఇవ్వాలి, అక్కడి కార్మిక చట్టం ప్రకారం రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఆరు దాకా చేసే పనికి పాతిక శాతం అదనం అన్నారు. ఆ మాట నేను నాన్నకి చెప్పబోతే పిన్ని వద్దంది. తనే వెళ్ళి చెప్పింది. ఈ పంట నుంచి రాత్రి కాపలాకి విడిగా లెక్క కడుతున్నారు, ఆ డబ్బు పిన్ని పేరు మీద ఇస్తున్నారు. పక్క చెరువు వాళ్ళతో కలిసి రాత్రికి ఒక కుర్రాడిని పెట్టుకునే మాట కూడా నడుస్తోంది. అతను ఏమేం చూసుకోవాలో ముందే కాగితం మీద రాయమని నాన్న నాకే చెప్పారు.